ఎనిమిదో వంతు

సోమవారం మధ్యాహ్నం నాలుగో తరగతి గుమ్మంలో నిలబడి బడి పెద్ద మేడమ్ ఒక్కటే మాట చెప్పి వెళ్లిపోయింది.

"సార్, రేపు పెట్టె మేడమ్ వస్తోంది. మీ క్లాసుకే."

బోర్డు మాస్టారి చేతిలో సుద్దముక్క ఆగిపోయింది. ఆయన తల తనంతట తానే బీరువా వైపు తిరిగింది. బీరువా మీద, చుట్టలు చుట్టిన పాత మ్యాపులకీ, ఇరుసు విరిగిన గ్లోబుకీ మధ్య రెండేళ్లుగా కదలకుండా కూర్చుని ఉంది భిన్నాల పెట్టె. దాని మూతకి అంటించిన టేపు ఇంకా మెరుస్తూనే ఉంది.

ఆయన్ని బోర్డు మాస్టారు అని ఊరికే అనరు. క్లాసులో అడుగుపెట్టిన దగ్గర్నుంచి గంట కొట్టేదాకా బోర్డు ఆ మూల నుంచి ఈ మూలకి నింపుతూనే ఉంటారు. అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఆయన గుండ్రం గీస్తే పరికరంతో గీశారేమో అనుకోవాలి. ఇరవై రెండేళ్లుగా పిల్లలు ఆ గుండ్రాల్ని చూసి మురిసిపోతూ, భిన్నాలు మాత్రం తప్పులు చేస్తూనే ఉన్నారు. ఇంత మంచి బోర్డు ఉండగా గుండ్రాన్ని వంతులుగా కోసిన చెక్కముక్కలెందుకని ఆయన నలుగురిలో అనేవారు. అది నలుగురి కోసం చెప్పే కారణం. అసలు కారణం పెట్టె మూత లోపల అంటించి ఉంది. మొత్తం నూట ఎనిమిది ముక్కలు, ఏ రంగువి ఎన్ని, ఏ వంతువి ఎన్ని అని జాబితా, ఆ కింద లావుపాటి అక్షరాల్లో ఒక వాక్యం: 'ఏ భాగం పోయినా సంబంధిత ఉపాధ్యాయులే బాధ్యులు.' దాని కింద మాస్టారి సంతకం. పెట్టె వచ్చిన రోజున రెండుసార్లు లెక్కపెట్టి, సంతకం చేసి, టేపు వేసి పైన పెట్టేశారు. పిల్లల చేతికిస్తే కదా పోయేది!

పెట్టె మేడమ్ కూడా ఒకప్పుడు టీచరే. ఇప్పుడు నలభై బళ్లు తిరుగుతూ టీచర్ల పక్కన కూర్చుని, కష్టమైన పాఠాలకి దారి చూపించి, కావలసిన సామాను తెచ్చిపెట్టడం ఆమె పని. సాయానికే వస్తున్నానని ఆమె ప్రతిసారీ చెబుతుంది. చేతిలో నోటుబుక్కు పట్టుకుని బడికొచ్చే మనిషి సాయానికొచ్చిందంటే ఏ టీచరు నమ్ముతాడు? గుమ్మంలోనే "పెట్టె ఎక్కడుందండీ?" అని నవ్వుతూ అడుగుతుంది కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది.

ఆ సాయంత్రం మాస్టారు పెట్టెని స్కూటరు మీద కాళ్ల మధ్య పెట్టుకుని ఇంటికి తీసుకొచ్చారు. ముందుగదిలో ఆయన భార్య కుట్టుమిషను మీద ఎవరిదో జాకెట్టు కుడుతోంది. ఆవిడ టైలరు. గది సగం గుడ్డపీలికలే. మాస్టారు ఒక మూల పాత తువ్వాలు పరిచి, నేల మీద చతికిలబడి, టేపు ఊడబెరికి, జిగురు మరక పోయేదాకా నూనెగుడ్డతో తుడిచారు. ముక్కలన్నీ తువ్వాలు మీద గుమ్మరించారు. ఎర్రవి సగాలు, నీలంవి మూడోవంతులు, పసుపువి పావులు, ఆకుపచ్చవి ఎనిమిదో వంతులు, ఇంకా ఏవేవో. అన్నీ నిన్న దుకాణంలోంచి తెచ్చినట్టు నిగనిగలాడుతున్నాయి.

ఆయన జేబులోంచి సుద్దపొడి పొట్లం తీశారు. అరచేతిలో పొడి వేసుకుని, కాస్త నూనె తగిలించి, ఒక్కొక్క ముక్కనీ రెండు వైపులా రుద్దారు. అంచుల్ని గచ్చు మీద రెండుసార్లు గీకారు. పది ముక్కలయ్యేసరికి పని ఒక తీరుకి వచ్చింది. రుద్దడం, గీకడం, దులపడం, పక్కన పెట్టడం. ఏ పనైనా శుభ్రంగా చేసే మనిషి కదా, మోసం కూడా శుభ్రంగానే చేస్తున్నారు.

మిషను చప్పుడు ఆగింది.

"ఏమండీ, అదేంటి కొత్తవాటిని పాతవి చేస్తున్నారు? నా దగ్గరికి అందరూ పాతవి కొత్తగా చెయ్యమని వస్తారు."

"బడి పని."

"బడి పనైతే తలుపేసుకుని చెయ్యడమెందుకు?"

మాస్టారు ఇంకో ముక్క అందుకున్నారు. ఆవిడ కాసేపు చూసి, మళ్లీ తొక్కడం మొదలుపెట్టింది. మిషను ఒక కాలు పొట్టి. తొక్కినప్పుడల్లా టకటకమని ఊగుతుంది. రెండేళ్లుగా దాని కింద ఏదైనా పెట్టమని ఆవిడ అడుగుతూనే ఉంది, రెండేళ్లుగా ఆయన రేపు చూద్దామంటూనే ఉన్నారు. అన్నం వేళకి పని పూర్తయింది. తువ్వాలు నాలుగు కొసలూ పట్టుకుని ముక్కల్ని పెట్టెలోకి ఒంపారు. లెక్కపెట్టాలన్న ఆలోచనే రాలేదు. రెండేళ్లు తెరవని పెట్టెలో లెక్క ఎక్కడికి పోతుందని ధీమా.

మంగళవారం ప్రార్థన కాగానే ఆయన తలుపు దగ్గరగా వేసి, ఇరవై ఎనిమిది మంది పిల్లల్నీ కూర్చోబెట్టారు.

"ఇవాళ ఒక మేడమ్ వస్తారు. పెట్టె గురించి అడుగుతారు. ప్రతి శనివారం వాడతాం మేడమ్ అని చెప్పాలి. ఏమని చెప్పాలి?"

"ప్రతి శనివారం వాడతాం మేడమ్!"

క్లాసు లీడరు ఆ మాటని నోటుబుక్కులో తేదీ వేసి మరీ రాసుకుంది. సార్ ఏం చెప్పినా రాసుకోవడం ఆ అమ్మాయికి అలవాటు. మిగతావాళ్లు కూడా చూసి రాసుకున్నారు. మాస్టారికి అది చూస్తుంటే ఒక్క క్షణం ఒళ్లు చచ్చినట్టయింది. బోర్డు తుడవడంలో పడి దాన్ని మరిచిపోయారు.

పెట్టె మేడమ్ పదింటికి వచ్చింది. చెప్పులు బయట విడిచి, పిల్లల మధ్య నేల మీద కూర్చుని, పెట్టె ఒళ్లో పెట్టుకుంది. ఒక ముక్క తీసి వేళ్లతో రుద్ది చూసి, మాస్టారి వైపు మెచ్చుకోలుగా తల ఊపింది. పిల్లలు పాఠం అప్పజెప్పినట్టు ఒక్క గొంతుతో శనివారం సంగతి చెప్పేశారు. ఆమె నవ్వి, బీరువా పక్క బెంచీలో కూర్చున్న సన్నటి పిల్లని అడిగింది.

"నువ్వు చెప్పమ్మా. ఈ పెట్టెతో నువ్వేం చేస్తావు?"

ఆ పిల్లని ఇంట్లో వాళ్ల అమ్మమ్మ గువ్వా అని పిలుస్తుంది, బళ్లోనూ అదే పేరు. నోట్లో నాలుక లేని పిల్ల. పావు పెద్దదా, ఎనిమిదో వంతు పెద్దదా అంటే ఏడాదిగా ఎనిమిదో వంతే పెద్దదని రాస్తోంది, నాలుగు కన్నా ఎనిమిది పెద్దది కదా అని. బోర్డు మీద ఎన్ని గుండ్రాలు గీసినా ఆ బుర్రకి ఎక్కలేదని మాస్టారు ఎన్నోసార్లు విసుక్కున్నారు.

గువ్వ లేచి నిలబడి, వినీవినపడనట్టు అంది. "రోజూ చూస్తాను మేడమ్."

"రోజూనా!" మేడమ్ మొహం వెలిగిపోయింది.

గువ్వ కూర్చునే చోటు నుంచి తల ఎత్తితే కనిపించేది బీరువా మీది పెట్టే. ఆ పిల్ల ఉన్నమాటే చెప్పిందని ఆ గదిలో మాస్టారు ఒక్కరికే తెలుసు.

ఆయన బోర్డు వైపు తిరిగి అవసరం లేని తేదీని మళ్లీ రాస్తుంటే, మేడమ్ మూతలోని జాబితా చూస్తూ ముక్కలు లెక్కపెట్టి నోటుబుక్కులో ఏదో రాసుకుంది. వెళ్లేటప్పుడు వరండాలో ఆగింది.

"మాస్టారూ, ఒక సాయం చెయ్యాలి. శుక్రవారం పది బళ్ల నుంచి పదిమంది టీచర్లని తీసుకొస్తాను. ఈ పెట్టెతో మీరు పాఠం చెప్పండి, వాళ్లు చూస్తారు. నేను చెబితే 'ఈవిడకేం, పిల్లలతో పడేది మేము' అంటారు. మీలాంటివారు చేసి చూపిస్తే నమ్ముతారు."

పక్కనే పెద్ద మేడమ్ మొహం చాటంత చేసుకుని నిలబడింది. మాస్టారు ఆ మొహాన్నీ ఈ మొహాన్నీ చూసి "అలాగేనండీ" అన్నారు. ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలియదు.

బుధవారం పిల్లల్ని నాలుగు గుంపులుగా కూర్చోబెట్టి, మొదటిసారి ముక్కల్ని వాళ్ల ముందు పోశారు. శుక్రవారానికి పిల్లలకి కాస్త అలవాటైతే చాలన్నది ఆయన ఎత్తు. పది నిమిషాల్లో గది చేపల మార్కెట్టయింది. "నిశ్శబ్దం!" అని మూడుసార్లు అరిచారు. ఎప్పుడూ వీపు పిల్లల వైపు, మొహం బోర్డు వైపు ఉండే మనిషి, ఇప్పుడు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక గుంపుల మధ్య నిలబడిపోయారు.

కిటికీ పక్క గుంపులో గువ్వ ఒక తెల్లటి పూర్తి గుండ్రాన్ని నోటుబుక్కు మీద పెట్టి, చుట్టూ పెన్సిలు తిప్పి గీసుకుంది. గీత మీద పసుపు పావులు నాలుగు పేర్చింది. తీసేసి ఆకుపచ్చవి పేర్చింది. ఎనిమిది పట్టాయి. పసుపు ముక్క మీద ఆకుపచ్చ ముక్క పెట్టి చాలాసేపు చూసింది. ఆ మీదట ఆ పిల్ల నోట్లోంచి గదంతా వినపడేంత గొంతు వచ్చింది.

"సార్! ఎక్కువమందికి పంచితే ముక్క చిన్నదైపోతోంది సార్!"

మాస్టారు వంగి చూశారు. ఏడాది పొడుగునా తను బోర్డు మీద అరిచి చెప్పిన మాటే అది. కానీ ఆ పిల్ల చేత్తో తాకి తెలుసుకుంది. సంతోషం వేసింది, వెనకాలే చిన్న గుచ్చుకోలు. ఈ ముక్కలు ఏడాదిగా ఆ పిల్ల తల మీదే ఉన్నాయి కదా!

ఆ మంచి మాట దగ్గర రోజు ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది. బడి విడిచే ముందు మాస్టారు ముక్కలు వెనక్కి తీసుకుని లెక్కపెట్టారు. నూట ఏడు. మళ్లీ లెక్కపెట్టారు. రంగుల వారీగా దొంతులు పెట్టి చూశారు. ఆకుపచ్చవి ఇరవై నాలుగు ఉండాలి, ఇరవై మూడే ఉన్నాయి. మూతలోని లావుపాటి అక్షరాలూ, కింద తన సంతకమూ కళ్ల ముందు ఆడాయి. ఎల్లుండి పదిమంది వచ్చి చూస్తారు.

"ఎవరూ కదలొద్దు. సంచులు బల్లల మీద బోర్లించండి."

పుస్తకాలు, పెన్సిలు ముక్కలు, గోళీలు, సగం తిన్న బిస్కెట్లు దొర్లాయి. ఆకుపచ్చ ముక్క ఎక్కడా లేదు. గువ్వ నోటుబుక్కు తెరుచుకుని కింద పడింది. అందులో పెన్సిలుతో గీసిన పెద్ద గుండ్రం, లోపల ఎనిమిదో వంతు గీతలు.

"ఇదేంటి?"

"గీసుకున్నాను సార్."

"ఎందుకు గీసుకున్నావు?"

గువ్వ గొంతు మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

"ముక్క ఎక్కడ పెట్టావు? పొద్దుటి నుంచి వాటినే పట్టుకుని కూర్చున్నది నువ్వే. రోజూ చూస్తానన్నావుగా! చూసి చూసి ఎత్తుకుపోదామనుకున్నావా? దొంగబుద్ధి!"

పిల్లలందరూ గువ్వ వైపు తిరిగారు. ఆ పిల్ల ఏడవలేదు. గౌను జేబులు రెండూ తనే బయటికి లాగి చూపించింది. ఒక జేబుకి చిల్లు ఉంది. ఆ చిల్లు చూసి కూడా మాస్టారు ఆగలేదు, "రేపు ముక్క తీసుకునే రా" అన్నారు.

గురువారం బీరువా పక్క బెంచీ ఖాళీగా ఉంది.

మాస్టారు ఆ వైపు చూడకుండా హాజరు పిలిచారు. గువ్వ పేరు దగ్గర పిల్లలెవరూ "రాలేదు సార్" అనలేదు. పెట్టె బల్ల మీద ఉన్నా ఎవరూ ముట్టుకోవడానికి ముందుకు రాలేదు. ముక్కలు తీసుకోండర్రా అంటే, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. లీడరు మెల్లిగా అంది. "వద్దు సార్. మీరే చూపించండి. మేం చూస్తాం."

మధ్యాహ్నం పెద్ద మేడమ్ సంబరంగా ఫోను పట్టుకుని వచ్చింది. పెట్టె మేడమ్ మంగళవారం రాసిన కాగితాన్ని ఫొటో తీసి పంపిందట. "చదవండి సార్, మన బడి పేరు ఎలా నిలబెట్టారో!"

మాస్టారు చదివారు. 'నాలుగో తరగతి భిన్నాల పెట్టె. నూట ఎనిమిదికి నూట ఏడు ముక్కలు ఉన్నాయి. ఆకుపచ్చ ముక్క ఒకటి లేదు. ఇది మంచి గుర్తు. అన్నీ ఉన్న పెట్టె ఎవరూ తెరవని పెట్టె. ఈ పెట్టె పిల్లల చేతుల్లో తిరుగుతోంది.'

మళ్లీ చదివారు. తేదీ మంగళవారం. పిల్లల చేతికి ముక్కలు వెళ్లింది బుధవారం. అంటే గువ్వ వేలు తగలకముందే ఆ ముక్క పెట్టెలో లేదు.

"ఏంటి సార్, అలా అయిపోయారు?" అంది పెద్ద మేడమ్.

"ఏం లేదండీ. ఎండ."

ఇల్లు చేరగానే గది మూల తువ్వాలు దులిపారు. గుడ్డపీలికల మూట విప్పారు. బల్ల కింద చీపురుతో గీకారు. భార్య మిషను తొక్కుతూనే చూస్తోంది. కాసేపటికి మాస్టారికి ఏదో తేడాగా అనిపించింది. చెవులు రిక్కించారు. మిషను టకటకలాడడం లేదు. నున్నగా సాగిపోతోంది.

ఆయన వంగి చూశారు. పొట్టి కాలు కింద ఆకుపచ్చ ముక్క ఇమిడిపోయి ఉంది.

"అదా? మంగళవారం ఊడుస్తుంటే పీలికల్లో దొరికింది," అంది ఆవిడ. "సరిగ్గా దానికోసమే చేసినట్టు కుదిరింది. రెండేళ్ల ఊగుడు పోయింది. పోనీలే, నా మొర మీకు వినపడి చెక్కించి తెచ్చారేమో అనుకున్నా."

మాస్టారు గచ్చు మీదే కూర్చుండిపోయారు. ఆవిడ కాళ్లు ఆగాయి.

"ఏమైందండీ?"

"బళ్లో ఒక పిల్లని అన్నాను. దీని కోసం."

"ఏమన్నారు?"

నిన్న ఇరవై ఎనిమిది మంది పిల్లల ముందు గట్టిగా అన్న మాట, ఇవాళ తన ఇంట్లో తన భార్య ముందు అనడానికి నోరు రాలేదు. ఆయన తల దించుకున్నారు. ఆవిడ మిషను కాలు ఎత్తి ముక్క తీసి, చీరకొంగుతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది.

"వెళ్లి చెప్పి రండి. ఎంత దూరమని?"

దూరమేం కాదు. గువ్వ వాళ్ల అమ్మమ్మ ఇస్త్రీ బండి మార్కెట్టు వీధి మలుపులోనే ఉంటుంది. మాస్టారు స్కూటరు మలుపు దగ్గర ఆపారు. ముసలావిడ నిప్పుల పెట్టెతో చొక్కా చేయి మీద రుద్దుతోంది. బండి పక్కన తిరగేసిన బుట్ట మీద గువ్వ ఆయన వైపు వీపు పెట్టి కూర్చుని, కత్తెరతో అట్టముక్కేదో కత్తిరిస్తోంది. చొక్కాల మడతల్లో పెట్టే అట్ట. ఎంత శ్రద్ధగా కత్తిరిస్తోందంటే చుట్టూ ఉన్న రద్దీ కూడా ఆ పిల్లకి తెలియడం లేదు. మాస్టారు దిగబోయారు. ఒక కాలు నేల మీద పెట్టారు కూడా. ఏమని మొదలుపెట్టాలి? ఏమని పిలవాలి? ముసలావిడ తల ఎత్తేలోపు ఆయన స్కూటరు తిప్పేసి, వీధులన్నీ చుట్టి ఇంటికి చేరారు. రేపు పొద్దున్నే పెట్టెలో వేసేసి, బెంచీ కింద దొరికిందర్రా అని చెప్పేస్తే సరిపోతుంది అనుకున్నారు. అది సరిపోదని ఆయనకి తెలుసు. తెలిసే అనుకున్నారు.

శుక్రవారం పది కుర్చీలు గోడ వారగా వేశారు. పదిమంది టీచర్లు నోటుబుక్కులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పెట్టె మేడమ్ ఎప్పట్లాగే నేల మీద, పిల్లల పక్కన. మాస్టారి చొక్కా జేబులో ఆకుపచ్చ ముక్క ఉంది. జనం సర్దుకునే గడబిడలో పెట్టెలోకి జార్చేద్దామని ఆయన రెండు వేళ్లు జేబులోకి పోనిచ్చారు. సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర నీడ పడింది.

ఇస్త్రీ బండి అమ్మమ్మ నిలబడి ఉంది. ఒక చేత్తో గువ్వ జబ్బ పట్టుకుంది. అంతమంది పెద్దవాళ్లని చూసి ముసలావిడ తడబడింది గానీ వెనక్కి తగ్గలేదు.

"సారూ, ఈ పిల్ల తప్పు కాయండి బాబూ. తీయలేదు తీయలేదని రెండు రోజులు ఏడ్చింది. సార్ ఎందుకు అబద్ధం చెబుతారే అని నేనే చెయ్యి చేసుకున్నాను. ఎక్కడ పారేసిందో చెప్పదు. అందుకని అలాంటిదే ఇంకోటి చేసి తెచ్చింది. తీసుకుని, బళ్లో కూర్చోనివ్వండి."

గువ్వ అరచెయ్యి చాపింది. అందులో అట్టముక్క. మూడు అట్టలు ఒకదాని మీద ఒకటి అంటించి, మందం చెక్కముక్కకి సరిపోయేలా ఇస్త్రీతో అణచింది. ఆకులు రుద్ది ఆకుపచ్చ చేసింది. ఆ పిల్ల ఎడమ చెంప ఇంకా కొంచెం ఉబ్బి ఉంది.

"లెక్క సరిపోతుందా సార్?" అని అడిగింది.

మాస్టారికి తల తీసేసినట్టయింది. జేబులో వేళ్లు ముక్కని పట్టుకునే ఉన్నాయి. గోడవార పదిమంది చూస్తున్నారు. బెంచీల్లో ఇరవై ఏడు మంది చూస్తున్నారు. ఇప్పటికీ దారుంది. అట్టముక్క తీసుకుని, సరేలేమ్మా కూర్చో అంటే చాలు, అందరూ తనని దయగల మాస్టారనుకుంటారు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆయనకి తన మీద అసహ్యం వేసింది.

ఆయన చెయ్యి బయటికి తీసి, చెక్కముక్కని అట్టముక్క పక్కన పెట్టారు.

"ఈ పిల్ల తీయలేదమ్మా. ముక్క మా ఇంట్లో ఉంది. నేనే పోగొట్టాను."

ముసలావిడకి అర్థం కాలేదు. "మీ ఇంట్లోనా?"

"నేనే తీసుకెళ్లాను. సోమవారం దాకా ఈ పెట్టె టేపు కూడా విప్పలేదు. వాడినట్టు కనపడాలని ఇంట్లో కూర్చుని సుద్దపొడితో మాపాను. వాడుతున్నామని చెప్పమని పిల్లలకి నేర్పించాను. అక్కడే ఒకటి పడిపోయింది. చూసుకోకుండా ఈ పిల్లని..." ఆయన గువ్వ వైపు తిరిగారు. "బుధవారం నిన్ను అనకూడని మాట అన్నాను తల్లీ. అది నాకు తగిలే మాట. నీకు కాదు."

గువ్వ ఆయన మొహం వైపు చూడలేదు. అరచేతిలో రెండు ముక్కల్నీ చూసుకుంటూ "సరే సార్" అంది.

అమ్మమ్మ చెయ్యి జబ్బ మీంచి జారింది. ఆ చేత్తోనే మనవరాలి చెంప తడిమి, ఎవరికీ వినపడకుండా ఏదో అంది. మాస్టారిని ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే ఆయనకి కాస్త తేలికగా ఉండేది.

గోడవార కూర్చున్న ఒక పెద్దావిడ తన నోటుబుక్కు వైపు చూస్తూ గొణిగింది. "మేం సుద్దపొడి కాదు, టీ డికాషన్ పూశాం." ఆ పక్కాయన దగ్గాడు. ఇంకొకాయన కిటికీలోంచి బయటికి చూడసాగాడు. ఎవరూ నవ్వలేదు.

పెట్టె మేడమ్ మూత తిప్పి, లోపల అంటించిన జాబితా అడుగున ఉన్న వాక్యాన్ని మొదటిసారి చూస్తున్నట్టు చదివింది. "ఇది అంటించి ఇచ్చింది మేమే," అంది మెల్లిగా. తన నోటుబుక్కులో మంగళవారం నాటి పేజీ తెరిచి, రాసినదాని మీద అడ్డంగా గీత కొట్టింది. గువ్వని దగ్గరికి పిలిచి, అట్టముక్కని చెక్కముక్క మీద పెట్టి చూసింది. వెంట్రుకవాసి తేడా లేదు.

"ముక్క చేతిలో లేకుండా ఇంత సరిగ్గా ఎలా చేశావమ్మా?"

గువ్వ మాస్టారి వైపు చూసింది. ఆయన తల ఊపి, బోర్డు ముందు నుంచి పక్కకి తప్పుకున్నారు. ఆ పిల్ల సంచిలోంచి నోటుబుక్కు తీసి, బుధవారం గీసుకున్న గుండ్రం చూపించింది. దాన్ని ఇంకో కాగితం మీద దించి, కత్తిరించి, నేల మీద కూర్చుంది. కాగితాన్ని సగానికి మడిచింది. "రెండు." మళ్లీ మడిచింది. "నాలుగు." మళ్లీ మడిచి, గోరుతో మడత మీద గట్టిగా గీసింది. "ఎనిమిది. మడిచినప్పుడల్లా ముక్కలు ఎక్కువవుతాయి, ముక్క చిన్నదవుతుంది." గొంతు చిన్నదే. పదిమంది టీచర్లూ వినపడక కుర్చీలు దిగి, పిల్లలతో పాటు నేల మీద గుండ్రంగా చేరారు. ఒకాయన కాగితం చింపుకుని తనూ మడవడం మొదలుపెట్టాడు. చేతులు వెనక్కి కట్టుకున్న పిల్లలు ఒక్కొక్కరే పెట్టెలోకి చెయ్యి పెట్టారు.

మాస్టారు బీరువాకి ఆనుకుని నిలబడ్డారు. ఆ గంటంతా బోర్డు మీద ఒక్క అక్షరం పడలేదు.

టీచర్లు వెళ్లిపోయాక, అమ్మమ్మ బండి దగ్గరికి వెళ్లిపోయాక, పిల్లలు ముక్కలు తెచ్చి ఒప్పజెప్పారు. లీడరు లెక్కపెట్టింది. "నూట తొమ్మిది సార్. ఒకటి ఎక్కువుంది." మాస్టారు అట్టముక్కని చెక్కముక్కల్లో కలిపే ఉంచి, మూత వెయ్యకుండా పెట్టెని పిల్లలకి అందేలా కింది అరలో పెట్టారు.

లీడరు కూర్చోలేదు. నోటుబుక్కు తెరిచి, మంగళవారం తేదీ వేసి రాసుకున్న పేజీ చూపించింది.

"సార్, ఇక మీదట ఎవరైనా వచ్చి పెట్టె గురించి అడిగితే ఏమని చెప్పాలి?"

ఎగతాళికి కాదు. నిజంగానే అడిగింది. ఇరవై ఏడు పెన్సిళ్లు, సార్ చెప్పబోయేదాని కోసం కాగితాల మీద సిద్ధంగా ఆగాయి. మాస్టారు పిల్లల మొహాలు చూడలేక ఖాళీ బోర్డు వైపు తిరిగారు.

"చూసింది చెప్పండమ్మా," అన్నారు.

పిల్లలు బుద్ధిగా ఆ మాట కూడా రాసుకున్నారు. గువ్వ మాత్రం పెన్సిలు తీయలేదు.